వైన్ రాణి కిరీటం ఎవరికి, ఎందుకు?

2025 మార్చి 25న యూలియా క్లోక్నర్ జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌కు అధ్యక్షురాలయ్యారు. అక్కడి ప్రోటోకాల్ ప్రకారం దేశాధ్యక్షుడి తర్వాతి స్థానం ఆమెదే. అంతకుముందు 2018 నుంచి 2021 వరకు కేంద్ర వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. ఆమె గురించి జర్మన్ పత్రికలు రాసినప్పుడల్లా ఒక పాత సంగతి తప్పకుండా బయటికొస్తుంది. మెచ్చుకునేవాళ్లూ దాన్నే ప్రస్తావిస్తారు, ఎత్తిపొడిచేవాళ్లూ దాన్నే ప్రస్తావిస్తారు. 1995లో, 22 ఏళ్ల వయసులో, ఆమె జర్మన్ వైన్ రాణి. నాహె ప్రాంతంలో ద్రాక్ష పండించి వైన్ చేసుకునే కుటుంబంలో పుట్టిన అమ్మాయి, ఏడాదిపాటు తలమీద కిరీటంతో దేశదేశాలు తిరిగింది.

వైన్ రాణి అనగానే కిరీటం, చేతిలో గ్లాసు, ఫొటోలకు నవ్వు మాత్రమే కళ్లముందు మెదులుతాయి. ఇదో రకం అందాల పోటీ అనుకునేవాళ్లు జర్మనీలోనే చాలామంది ఉన్నారు. పోటీ జరిగే తీరును కాస్త దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. తోటలో జరిగే పని, వైన్ తయారై నిల్వ ఉండే నేలమాళిగలో జరిగే పని, అమ్మకంలో వచ్చే చిక్కు, ఈ మూడూ తెలిసి, తెలిసినదాన్ని ఏమీ తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పగలిగే మనిషి కోసం వెతికే పోటీ ఇది. అందుకే ఇక్కడ గెలిచేవాళ్లలో వైన్ తయారీని వృత్తిగా ఎంచుకున్న యువతులు తరచూ కనిపిస్తారు.

జర్మనీలో నాణ్యమైన వైన్ ద్రాక్ష పండించే ప్రాంతాలుగా చట్టం గుర్తించినవి 13. పడమట మోజెల్, ఆర్, నాహె, రైన్‌గావ్, రైన్‌హెస్సెన్, ఫాల్ట్స్ లాంటివి, దక్షిణాన బాడెన్, వ్యుర్టెంబెర్గ్, ఫ్రాంకెన్, తూర్పున సాక్సనీ, జాలె-ఉన్‌ష్ట్రుట్. మొత్తం తోటలు సుమారు లక్ష హెక్టార్లు. ప్రతి ప్రాంతం ముందుగా తన రాణిని ఎన్నుకుంటుంది. అంతకన్నా ముందు చాలా ఊళ్లకు కూడా సొంత రాణులుంటారు. ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లలోంచి సెప్టెంబరు చివర్లో దేశానికి ఒక రాణిని, ఆమెతో పాటు ఇద్దరు యువరాణులను ఎంపిక చేస్తారు. నిర్వహణ జర్మన్ వైన్ ఇన్‌స్టిట్యూట్‌ది. వేదిక ఎక్కువగా ఫాల్ట్స్ ప్రాంతంలోని నాయ్‌స్టాట్ పట్టణం. కైజర్స్‌లాటర్న్‌లోనో మాన్‌హైమ్‌లోనో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులకు రైల్లో అరగంట ప్రయాణం. అక్టోబరులో అక్కడ జరిగే ద్రాక్షకోత పండుగకు ఆదివారం నాడు వెళ్లినవాళ్లలో ఊరేగింపు బండిమీద రాణిని చూసినవాళ్లూ ఉంటారు.

ఎంపిక రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె పూర్తిగా సబ్జెక్టు. సుమారు 70 మంది జ్యూరీ సభ్యులు అభ్యర్థుల ఎదుట కూర్చుంటారు. ఆ జ్యూరీలో వైన్ తయారీదారులు, వ్యాపారులు, పత్రికలవాళ్లు, రాజకీయ నాయకులు, పాత రాణులు ఉంటారు. ప్రశ్నలు సాగు మీద, నేలమాళిగ పద్ధతుల మీద, చట్టం మీద, మార్కెట్ మీద వస్తాయి. ఇంగ్లిష్‌లో అడిగినదానికి ఇంగ్లిష్‌లోనే చెప్పాలి. ఈ అంచె దాటినవాళ్లు ఫైనల్‌కి వెళ్తారు. అది ఎస్‌డబ్ల్యుఆర్ అనే ప్రజా ప్రసార సంస్థ టీవీలో ప్రసారమయ్యే కార్యక్రమం. అక్కడ వేదికమీద, కెమెరాల ముందు, సీసా చూపించకుండా గ్లాసులో పోసిన వైన్ రుచి చూసి అదేమిటో వివరించాల్సి వస్తుంది. పులుపు ఎంత పదునుగా ఉంది, తీపి ఎంత మిగిలింది, స్టీల్ ట్యాంకులో పెరిగిందా కొయ్య పీపాలో పెరిగిందా, ఏ ద్రాక్ష రకం అయి ఉండొచ్చు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. టెన్షన్‌తో నోరెండిపోయిన మనిషికి రుచి సరిగ్గా తెలియదు. అందుకే ఆ పరీక్షకు చదువు ఒక్కటే చాలదు, ఏళ్ల తరబడి నాలుకకు అలవాటు ఉండాలి.

ఈ చదువు లోతు ఎంతో తెలియాలంటే ఒక్క విషయం చూస్తే చాలు. ద్రాక్ష కోతకు వచ్చిందో లేదో తేల్చడానికి రైతు తోటలోకి వెళ్లి నాలుగైదు చోట్ల నుంచి పండ్లు కోసి, పిండి, ఆ రసం చుక్కను రిఫ్రాక్టోమీటర్ అనే చేతిలో పట్టే చిన్న గొట్టం గాజుపలకమీద వేసి, మూత పెట్టి, వెలుతురు వైపు తిప్పి చూస్తాడు. లోపల నీలం, తెలుపు కలిసే గీత ఏ అంకె దగ్గర ఉందో అదే ఎక్స్‌లె డిగ్రీ. ఫోర్ట్స్‌హైమ్‌కు చెందిన ఫెర్డినాండ్ ఎక్స్‌లె పేరుమీద వచ్చిన కొలత అది. లీటరు నీళ్లు 1000 గ్రాములైతే, లీటరు ద్రాక్షరసం 1080 గ్రాములు తూగితే దాన్ని 80 ఎక్స్‌లె అంటారు. అదనంగా తూగిన బరువులో అత్యధిక భాగం చక్కెర. ఆ చక్కెరే తర్వాత ఆల్కహాల్ అవుతుంది. జర్మన్ వైన్‌కి కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె వంటి తరగతులు నిర్ణయించేది ఈ అంకెల మెట్లే. ఆ తరగతుల వైన్‌లో రసానికి బయటి చక్కెర కలపకూడదు. కింది తరగతిలో పరిమితంగా కలపొచ్చు. ఎందుకు కలపనిస్తారు, ఎక్కడ ఆపేస్తారు, మామూలు కొనుగోలుదారుకి అది ఎందుకు తెలియాలి అని అభ్యర్థి విడమరచి చెప్పగలగాలి. పాఠం ఒప్పజెప్పినట్టు చెబితే మార్కులు రావు.

గైజెన్‌హైమ్‌లో 1872లో మొదలైన సంస్థ, ఇప్పటి విశ్వవిద్యాలయం, ఈ చదువుకు పుట్టినిల్లు. ముల్లర్-తుర్‌గావ్ అనే ద్రాక్ష రకాన్ని 1882లో సృష్టించింది అక్కడే. 2011లో రాణి అయిన రైన్‌హెస్సెన్ యువతి అన్నికా ష్ట్రేబెల్, 2012లో అయిన ఆర్ యువతి యూలియా బెర్ట్రామ్ ఇద్దరూ అక్కడ వైన్ సాగు, తయారీ చదివినవాళ్లే.

యూలియా బెర్ట్రామ్ సంగతి కొంచెం ఆగి చూడాల్సింది. ఆమె ప్రాంతం ఆర్ లోయ మరీ చిన్నది. అన్ని తోటలూ కలిపితే 560 హెక్టార్ల చుట్టూ ఉంటాయి. రైన్‌హెస్సెన్‌కి 27,000 హెక్టార్లకు పైనే. అయినా పోటీలో రెండింటికీ చెరొక సీటే. పెద్ద ప్రాంతానికి వ్యాపార ప్రకటనలు ఇచ్చే స్తోమత ఉంటుంది, ఏ సూపర్‌మార్కెట్‌లో చూసినా దాని సీసా ఉంటుంది. చిన్న లోయకు దేశం మొత్తం వినేలా మాట్లాడే అవకాశం ఈ వేదికమీదే దొరుకుతుంది. ఆర్ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. 2010లో, 2012లో, 2020లో, పదేళ్లలో మూడుసార్లు అక్కడి అమ్మాయిలే జర్మన్ వైన్ రాణులయ్యారు. తోటల విస్తీర్ణాన్ని బట్టి ఓట్లు పంచి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. ఈ ఏర్పాటులో అన్నిటికన్నా న్యాయమైన నియమం ఇదే.

ఆర్ లోయలో నల్లటి పలకరాయి వాలుమీద, రాతిగోడలు కట్టి నిలబెట్టిన మెట్లమీద తీగలు పెరుగుతాయి. ట్రాక్టర్ ఎక్కని చోట్లు అనేకం. పగలు రాయి వేడిని పట్టుకుని రాత్రి వదులుతుంది. అందుకే అంత ఉత్తరాన కూడా ఎర్ర వైన్ ద్రాక్ష పండుతుంది. ష్పేట్‌బుర్గుండర్ అనే రకం ఇక్కడి ప్రధాన పంట. ఫ్రెంచివాళ్ల పినో న్వార్ అదే. ఈ లోయలోని మైషోస్‌లో 1868లో పెట్టిన వైన్ రైతుల సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ప్రపంచంలో ఇన్నేళ్లుగా నడుస్తున్న వైన్ సహకార సంఘాల్లో అదే పాతది. ఒక్కొక్కరుగా వ్యాపారుల దగ్గర నష్టపోతున్న పేద రైతులు కలిసి పెట్టుకున్న సంఘం అది. కిరీటం సంగతి ఆలోచించేటప్పుడు ఈ సంఘాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. ఒంటరిగా గొంతు వినిపించలేని చిన్న రైతులు ఒక ఉమ్మడి గొంతును తయారుచేసుకోవడమే రెండింటిలోనూ ఉంది.

డెర్నావ్ అనే ఊరి అమ్మాయి బెర్ట్రామ్ పదవీకాలం ముగిశాక 2014లో తన పేరుతో సొంత వైన్ సంస్థ మొదలుపెట్టింది. కొత్తగా వైన్ మొదలుపెట్టిన రైతుకి అన్నిటికన్నా కష్టం మొదటి సీసాలు కొనేవాళ్లను వెతుక్కోవడం. తోట కౌలుకు దొరుకుతుంది, పీపాలు అప్పుమీద దొరుకుతాయి, పేరు మాత్రం దొరకదు. ఏడాది రాణిగా తిరిగిన మనిషికి వైన్ విలేకరులు, దుకాణాలవాళ్లు, రెస్టారెంటు యజమానులు ముందే పరిచయం. వైన్ బాగోలేకపోతే ఈ పరిచయం రెండో ఏడాదికి పనికిరాదన్నది నిజమే. కానీ మొదటి ఏడాది గడవడానికి అది చాలా పెద్ద దన్ను.

2021 జూలై 14 రాత్రి ఆ లోయమీద విరుచుకుపడిన వరదలో 130 మందికి పైగా చనిపోయారు. డెర్నావ్‌లో అత్యధిక ఇళ్లు మునిగాయి. తోటలు వాలు మీద ఉండటంతో చాలావరకు మిగిలాయి. నేలమాళిగలు, పీపాలు, ప్రెస్సులు, ట్రాక్టర్లు నది పక్కనే ఉండటంతో కొట్టుకుపోయాయి. పండు చెట్టుమీద ఉంది, కోసి తెస్తే పిండే మిషను లేదు. మిగతా ప్రాంతాల వైన్ రైతులు తమ యంత్రాలతో, మనుషులతో వచ్చి నిలబడితేనే ఆ ఏడాది కోత సాగింది. బురద పట్టిన సీసాలను కడగకుండా, అలాగే వరద వైన్‌గా అమ్మి, 40 లక్షల యూరోలకు పైగా విరాళాలు పోగుచేశారు. అప్పుడు పదవిలో ఉన్న జర్మన్ వైన్ రాణి ఎఫా లాంట్సెరాత్ ఆ లోయ మనిషే. 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో ఎన్నికైన ఆమెకు తిరునాళ్లు, వైన్ పండుగలు లేని ఏడాది దొరికింది. రుచి చూపించే సభలు చాలావరకు కంప్యూటర్ తెరమీదే నడిచాయి. పదవి చివర్లో సొంత ఊళ్లు మునిగాయి. అలాంటి సమయంలో కిరీటం అలంకారంగా మిగలదు. దేశం చెవి ఒగ్గే చోట మా లోయకు ఇది కావాలి అని చెప్పగలిగిన మనిషి ఉండటం ఎంత అవసరమో ఆ వేసవి చూపించింది.

ఇక డబ్బు సంగతి. వైన్ ఇన్‌స్టిట్యూట్‌కి నిధులు జర్మన్ వైన్ నిధి నుంచి వస్తాయి. దానికి తోట ఉన్న ప్రతి రైతూ హెక్టారుకు 67 యూరోల చొప్పున చందా కడుతూ వచ్చాడు, వ్యాపారులు అమ్మే పరిమాణాన్ని బట్టి కడతారు. అంటే రాణి చేసే ప్రచారానికి ఖర్చు పెట్టేది చివరికి రైతే. ఆ రైతుకు పోటీ ఇచ్చేవాళ్లు మామూలువాళ్లు కారు. జర్మన్లు తాగే వైన్‌లో సగానికి పైగా ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ వంటి దేశాల నుంచే వస్తుంది. చదును నేలలో యంత్రంతో కోసిన ద్రాక్ష వైన్, మోజెల్ ఒడ్డున బ్రెమ్మర్ కాల్‌మాంట్ లాంటి 60 డిగ్రీలు దాటిన వాలుమీద నడుం వంచి చేత్తో కోసిన ద్రాక్ష వైన్ ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. రెండో దాని ధర ఎందుకు ఎక్కువో సీసా మీది కాగితం చెప్పలేదు. ఆ వాలుమీద పనిచేసిన మనిషి చెబితే వింటారు.

ఈ సంప్రదాయం మొదలైంది కూడా సరుకు అమ్ముడుపోని రోజుల్లోనే. 1931లో, ఆర్థిక మాంద్యం నడుమ, ఫాల్ట్స్ ప్రాంతం తొలి వైన్ రాణిని ఎన్నుకుంది. ఆమె రూత్ బాఖ్‌రోట్, చెప్పుల తయారీకి పేరుపడ్డ పిర్మాసెన్స్ పట్టణపు యువతి. వైన్‌తో వృత్తి సంబంధం అప్పట్లో షరతేమీ కాదన్నమాట. ఆ తర్వాతి కాలం ఆ ప్రాంతానికి చీకటి కాలం. అక్కడి వైన్ వ్యాపారంలో ఎక్కువ భాగం నడిపిన యూదు వర్తకులను నాజీలు వెళ్లగొట్టారు. కొనేవాళ్లు లేక మార్కెట్ కుప్పకూలితే, 1935లో నాజీ నాయకత్వమే ప్రచారం కోసం జర్మన్ వైన్ రహదారి అనే పర్యాటక మార్గాన్ని ప్రారంభించింది. ఆ 85 కిలోమీటర్ల దారి ఇప్పటికీ ఉంది, ఈనాటి పర్యాటకులూ దానిమీదే తిరుగుతారు. వైన్ పండుగల చరిత్ర చెప్పేటప్పుడు ఈ ముక్క దాటవేయడం తప్పు. పండుగ వేషం వేసుకుని ఎంత అన్యాయం దాగగలదో ఆ ఏళ్లు చూపాయి. యుద్ధం ముగిశాక 1949లో, పశ్చిమ జర్మనీ ఏర్పడిన ఏడాదే, నాయ్‌స్టాట్ పక్కన డీడెస్‌ఫెల్ట్‌కు చెందిన ఎలిజబెత్ కూన్ తొలి జర్మన్ వైన్ రాణి అయింది.

అప్పటి షరతులు ఆ కాలానికి తగినట్టే ఉండేవి. అభ్యర్థి పెళ్లికాని పిల్ల అయి ఉండాలి, వైన్ రైతు కుటుంబం నుంచి రావాలి. వేషం ప్రాంతీయ సంప్రదాయ దుస్తులు. మాట్లాడటం కన్నా కనిపించడమే పనిగా ఉండేది. దశాబ్దాలు గడిచేకొద్దీ షరతులు సడలాయి, ప్రశ్నలు కఠినమయ్యాయి. అమ్మాయిలు మారినందువల్లే ఇది జరిగింది. అప్పటిదాకా కొడుక్కి తోట, కూతురికి పెళ్లి అన్నట్టు సాగిన వారసత్వంలో, కూతుళ్లు గైజెన్‌హైమ్ వెళ్లి డిగ్రీ తెచ్చుకుని తోట అడగడం మొదలుపెట్టారు. మన కల్లుగీత ఇళ్లలో తాటిచెట్టు ఎక్కే మోకు తండ్రి నుంచి కొడుక్కే చేరినట్టు, అక్కడ నేలమాళిగ తాళం కూడా మగవాళ్ల చేతుల్లోనే తిరిగేది. 1991లో వైన్ రంగంలోని మహిళలు వినిస్సిమా అనే సొంత సంఘం పెట్టుకున్నారు. కిరీటం ఒక్కటే ఈ మార్పు తెచ్చిందంటే అతిశయోక్తి. కానీ 70 మంది నిపుణుల ఎదుట కిణ్వ ప్రక్రియ గురించి తడుముకోకుండా చెప్పి గెలిచిన అమ్మాయికి, ఇంట్లో తండ్రి ముందు ఈసారి ఈ ట్యాంకు నా పద్ధతిలో చేస్తాను అనడం కొంత తేలికవుతుంది. దాని విలువ తక్కువేమీ కాదు.

అయితే ఈ పదవి అడిగే మూల్యం కూడా చిన్నది కాదు, వైన్ తయారుచేసే అమ్మాయికి మరీ ఎక్కువ. ఎన్నిక సెప్టెంబరు చివర్లో, అంటే కోత ముమ్మరంగా ఉండే రోజుల్లో. తెల్లారి లేచి తోటలో ఉండాల్సిన వారంలో వేదికమీద ఉండాలి. గెలిస్తే జనవరిలో బెర్లిన్ వ్యవసాయ ప్రదర్శన, అప్పుడే తోటలో ప్రూనింగ్. మార్చిలో డ్యూసెల్‌డోర్ఫ్‌లో ప్రోవైన్ సంత, అప్పుడే తీగలు కట్టే పని. వేసవిలో వారం వారం ఏదో ఒక ఊళ్లో వైన్ పండుగ, అప్పుడే ఆకు తీయడం, మందు కొట్టడం. నడుమ విదేశీ ప్రయాణాలు. ఏడాదిపాటు ఆమె భాగం పని ఇంట్లో ఇంకెవరో చేస్తేనే ఇది సాగుతుంది. కుటుంబం దన్ను లేని అమ్మాయి, అప్పు చేసి కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయి ఈ పోటీకి రావడం కష్టం. నిర్వాహకులు తేదీలు కోత తర్వాతికి జరపడం గురించి గట్టిగా ఆలోచించాలి.

రాణి అనే హోదామీద కూడా ఏళ్లుగా వాదన ఉంది. ఆడపిల్లకే కిరీటం ఎందుకు, వైన్ అమ్మడానికి ఆడపిల్ల నవ్వు ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఇటీవల కొన్ని ఊళ్లు, ప్రాంతాలు మగపిల్లలకూ తలుపు తెరిచాయి. కొన్ని చోట్ల రాణి, యువరాణి తేడా తీసేసి బృందంగా పంపుతున్నారు. ఈ మార్పు మంచిదే. పరీక్షించేది జ్ఞానాన్నే అయినప్పుడు అది ఎవరి దగ్గరుందన్నది అడ్డు కాకూడదు. అదే సమయంలో, ఆడపిల్లలకు తోటలో చోటు లేని రోజుల్లో ఈ వేదిక ఒక్కటే వాళ్ల చేతికి మైకు ఇచ్చిందన్నది కూడా మరిచిపోకూడదు. మార్పుకు ఇంకో కారణం మరింత మొరటుది. చాలా ఊళ్లకు అభ్యర్థులే దొరకడం లేదు. వైన్ చేసే కుటుంబాల సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతోంది, మిగిలినవాటి పిల్లలకు వారాంతాలన్నీ రాసిచ్చే తీరిక లేదు.

ఇప్పుడు పోటీకి వచ్చే అమ్మాయి ముందున్న సిలబస్ కూడా క్లోక్నర్ నాటిది కాదు. ఐస్ వైన్‌కి పండు తీగమీదే మైనస్ 7 డిగ్రీల్లో గడ్డకట్టాలి. 2019 పంటకు ఆ చలి దేశంలో ఎక్కడా సరిగా రాలేదు. 2024 ఏప్రిల్ చివర్లో చిగురు వేసిన తీగలను మంచు కాల్చేసింది. సాక్సనీ, జాలె-ఉన్‌ష్ట్రుట్, ఆర్ ప్రాంతాల్లో ఆ ఏడాది పంట చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. బూజు తెగులును తట్టుకునే కొత్త రకాలను రైతులు నాటుతున్నారు, జనానికి వాటి పేర్లే తెలియవు. పీపాల్లో టోకున అమ్మే వైన్‌కి ఉత్పత్తి ఖర్చు కూడా రాని ధర పలుకుతోంది. ఆల్కహాల్ వల్ల ఆరోగ్యానికి జరిగే హాని గురించి సూటి ప్రశ్న వస్తే దాటవేయకుండా జవాబు చెప్పాలి. ఆల్కహాల్ తీసేసిన వైన్‌కి గిరాకీ పెరుగుతోంది కాబట్టి అది ఎలా చేస్తారో కూడా తెలియాలి. గాలి ఒత్తిడి తగ్గించిన పాత్రలో వైన్‌ను సుమారు 30 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఆల్కహాల్ ఆవిరైపోతుంది. దానితో పాటు పోయే సువాసనను ముందే పట్టి దాచి మళ్లీ కలుపుతారు. అలా చేశాక రుచిలో ఏం మిగిలింది, ఏం పోయింది అన్నది ఆమె గ్లాసు ఎత్తి తాగి నిజాయితీగా చెప్పాలి.